రేవు దొరికిన ఊరు, రేవు పోయిన ఊరు
(తీరాంధ్ర కథలు – 9)

విశాఖపట్నం వెళ్ళినవాళ్ళు సముద్రంలో ఈదని నౌకను చూసి వస్తారు. ఆర్కే బీచ్‌లో రోడ్డు పక్కనే, ఇసుకకు పైన, నల్లటి పెద్ద చేపలా పడుకుని ఉంటుంది ఐఎన్‌ఎస్ కురుసుర. సోవియట్ దేశంలో తయారైన జలాంతర్గామి. 91 మీటర్ల పొడవు. 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరి, 31 ఏళ్ళు నీళ్ళ కింద తిరిగి, 2001 ఫిబ్రవరిలో ఉద్యోగ విరమణ చేసింది. 2002 ఆగస్టు నుంచి టిక్కెట్టు కొన్నవాళ్ళందరినీ కడుపులోకి రానిస్తోంది. నడుం వంచి, తల కాపాడుకుంటూ, ఆ చివర నుంచి ఈ చివరకు వచ్చి మెట్లు దిగగానే ఎదురుగా మురీ మిక్చర్ బండి. పిల్లలకు అంతవరకూ చూసిన టార్పెడోలకన్నా అదే ఎక్కువ గుర్తుంటుంది, అది వేరే సంగతి.

ఆ నౌకను నీళ్ళలోంచి ఒడ్డున దాని పీఠం మీదికి చేర్చడానికి ఎంత కష్టపడ్డారో చాలామందికి తెలియదు. దూరం 600 మీటర్లు. పట్టిన కాలం 18 నెలలు. ఖర్చు ఐదున్నర కోట్ల రూపాయలు.

మహాసముద్రాలు దాటిన నౌకకు చివరి 600 మీటర్లే గండమయ్యాయి. ఈ తీరం కథంతా ఆ చివరి కొద్దిపాటి దూరం కథే. రెండు వేల ఏళ్ళ నుంచి ఇక్కడికి వచ్చిన ప్రతి ఓడదీ అదే బాధ. ఒడ్డు కనిపిస్తుంది, కొండ కనిపిస్తుంది, కొండ మీది దీపం కనిపిస్తుంది. ఓడ మాత్రం ఒడ్డుకు రాలేదు. ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా సముద్రాన్ని ఒరుసుకుంటూ పోయే రోడ్డు మీద పర్యాటకులు ఆగి ఫొటోలు దిగే చోట్లలో చాలావాటి వెనుక ఈ ఇబ్బందే ఉంది. దక్షిణ కొసన విశాఖ, ఉత్తర కొసన భీమిలి. మొదటిది ఇవాళ మహానగరం. రెండోది ఆదివారం పూట వెళ్ళి, చేపల వేపుడు తిని, సాయంత్రానికి తిరిగి వచ్చే ఊరు. 150 ఏళ్ళ కిందట ఎవరైనా వ్యాపారిని, ఈ రెండింటిలో ఏది పెద్ద ఊరవుతుందని అడిగి ఉంటే, ఆయన వేలు భీమిలి వైపే చూపించి ఉండేవాడు.

తారుమారు ఎలా జరిగిందన్నదే ఈ సంచిక కథ.

తూర్పు తీరంలో సహజమైన ఓడరేవులు చాలా తక్కువ. నదులు తెచ్చిన మట్టీ ఇసుకా ఒడ్డు పొడవునా మేట వేసి ఉంటాయి. పెద్ద ఓడ లోతు నీటిలో, ఒడ్డుకు దూరంగా లంగరు దించి నిలబడాలి. సరుకును చిన్న పడవలు కెరటాల మీదుగా మోయాలి. ఆ పడవలకు ఇనుప మేకులు వాడేవారు కాదు. పలకలను కొబ్బరి తాళ్ళతో కుట్టేవారు. కెరటం ఎత్తి ఇసుక మీద కొడితే మేకులు కొట్టిన పడవ పగులుతుంది, కుట్టిన పడవ వంగి ఊరుకుంటుంది. మసూలా పడవలంటే అవే. మద్రాసులో దిగిన దొరలూ దొరసానులూ ఆ పడవల్లో ఎంత హడలిపోయారో వాళ్ళ ఉత్తరాల నిండా ఉంటుంది. ఆ పడవలు నడిపిన జాలరులు మాత్రం ఉత్తరాలు రాయలేదు.

అందుకని ఈ తీరంలో రేవంటే కట్టడం కాదు, ఒక గుర్తు. ఓడవాడు దూరం నుంచి పోల్చుకోగల కొండ ఒకటి, పడవలు దూరగల ఏటి నోరు ఒకటి. ఈ రెండూ ఉన్నచోట ఊరు లేచింది. విశాఖకు దక్షిణాన సముద్రంలోకి ముక్కు చాచిన యారాడ కొండ, దాని పక్కన ఉప్పుటేరు. భీమిలికి పావురాళ్ళకొండ, దాని పక్కన గోస్తనీ నది. ఇద్దరి ఆస్తీ ఒకటే. యారాడ కొండకు డాల్ఫిన్స్ నోస్ అని పేరు పెట్టింది తరవాత వచ్చిన తెల్లవాళ్ళు.

ఈ కొండల విలువ మొదట కనిపెట్టింది బౌద్ధ భిక్షువులో, వాళ్ళను పోషించిన వర్తకులో. 1976లో నౌకాదళం తన స్థావరం కోసం ఈ ప్రాంతాన్ని విమానంలోంచి సర్వే చేస్తుండగా, మంగమారిపేట దగ్గర ఒక కొండ మీద ఏవో పాత గోడల ఆనవాళ్ళు కనిపించాయి. 1988 నుంచి రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వింది. మహాస్తూపం, చైత్యాలు, భిక్షువుల గదులు, భోజనశాల, రాతిలో తొలిచిన నీటి తొట్లు బయటపడ్డాయి. ఆ తొట్ల వల్లే జనం దాన్ని తొట్లకొండ అన్నారు. అసలు పేరు సేనగిరి అని అక్కడి శాసనం చెప్పింది. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దం నుంచి క్రీస్తు తరవాత మూడో శతాబ్దం దాకా అక్కడ ప్రార్థనలు సాగాయి. దగ్గరలోనే బావికొండ, భీమిలి మీద పావురాళ్ళకొండ, అనకాపల్లి పక్కన శంకరం దగ్గర బొజ్జన్నకొండ. ఈ చివరిదాన్ని అలెగ్జాండర్ రే 1907లోనే తవ్వించాడు.

తొట్లకొండ తవ్వకాల్లో శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు దొరికాయి. కొండ మీద సన్యాసి దగ్గర రోము డబ్బు ఎందుకుంటుంది? ఓడ మీద వచ్చినవాడు, క్షేమంగా దిగినందుకు ఇచ్చుకుని ఉంటాడు. లేదా క్షేమంగా పోవాలని ముందే ఇచ్చి ఉంటాడు. అక్కడ నిలబడి తూర్పుకు చూస్తే సముద్రం ఎంత విశాలంగా కనిపిస్తుందో, సముద్రం మీదివాడికి ఆ తెల్లటి స్తూపమూ అంత స్పష్టంగా కనిపించి ఉండాలి. అన్ని శతాబ్దాలు కొండ మీద నిలిచిన ఆ స్తూపానికి మనం చేసిన మరమ్మతు మాత్రం నిలవలేదు. తిరిగి పేర్చి కట్టిన భాగం 2019 అక్టోబరు వానలకు కూలింది. మళ్ళీ కట్టారు.

సింహాచలం కథ ఇంతకన్నా పెద్దది, ఈ శీర్షికలో ఇమడదు. అక్కడి పాత శాసనం 11వ శతాబ్దం చివరిదనీ, 13వ శతాబ్దంలో తూర్పు గాంగులు గుడిని ఇప్పటి రూపానికి తెచ్చారనీ, కృష్ణదేవరాయలు 1516లోనూ 1519లోనూ వచ్చి మొక్కి శాసనాలు వేయించాడనీ గుర్తుంచుకుంటే చాలు. విశాఖ పేరు వెనుక ఒక మునిగిన గుడి ఉంది. తీర్థయాత్రకు పోతున్న చోళరాజు ఒకడు ఒడ్డున విశాఖేశ్వరుడికి గుడి కట్టించాడనీ, తరవాత దాన్ని సముద్రం మింగిందనీ ఊళ్ళో చెప్పుకుంటారు. గుడి సంగతి ఎలా ఉన్నా, ఈ రేవుకు కులోత్తుంగ చోళపట్టణం అనే మరో పేరు శాసనాల్లో ఉంది. పెద్ద రాజులు తమ పేరు పెట్టుకోవడానికి ఊరికే చిన్న పల్లెను ఎంచుకోరు.

ఇక ఒలందావాళ్ళు. డచ్చి వర్తకులను తెలుగువాళ్ళు ఒలందావాళ్ళనే పిలిచారు. 17వ శతాబ్దం నడుమ వాళ్ళ కంపెనీ భీమునిపట్నంలో, అంటే భీమిలిలో, దిగింది. ఈ తీరంలో వాళ్ళకు పులికాట్, మచిలీపట్నం అప్పటికే ఉన్నాయి. భీమిలిలో వాళ్ళకు దొరికింది ఉత్తర కోస్తా బియ్యం, నేత బట్టలు. కోట కట్టుకున్నారు, గిడ్డంగులు కట్టుకున్నారు, చివరకు సమాధులూ కట్టుకున్నారు. మిగిలినవి ఆ సమాధులే.

సముద్రం ఒడ్డున ఆ శ్మశానంలోకి అడుగు పెడితే, అది మన ఊళ్ళ క్రైస్తవ శ్మశానాల్లా ఉండదు. సూదిగా పైకి లేచిన రాతి గోపురాలు, బల్లపరుపు బండల మీద చెక్కిన కుటుంబ చిహ్నాలు, ఈ ఊళ్ళో ఇప్పుడెవరూ చదవలేని భాషలో పేర్లూ తేదీలూ. 17వ శతాబ్దం నాటి రాళ్ళూ ఉన్నాయి. పడవ దిగి నాలుగు రోజులు కాకుండానే జ్వరంతో పోయిన గుమాస్తాలు, పురిట్లో పోయిన భార్యలు, పసివాళ్ళు. వ్యాపారం లాభనష్టాల లెక్కలు హేగ్ నగరంలోని ప్రభుత్వ పత్రాగారానికి చేరాయి. మనుషుల లెక్క ఇక్కడ ఉండిపోయింది.

ఒలందావాళ్ళకు ఇక్కడ కాలు నిలకడగా లేదు. 1754లో మరాఠా దండు వచ్చి ఊరు దోచి తగలబెట్టింది. యూరప్‌లో ఇంగ్లండుతో యుద్ధం వచ్చినప్పుడల్లా భీమిలిలో జెండా మారేది, సంధి కాగానే పాత జెండా లేచేది. భీమిలివాళ్ళకు తెల్లారి లేస్తే ఎవరికి సలాం చేయాలో కొండ మీది జెండా చూసుకుంటే గాని తెలియని రోజులవి. 1824 నాటి ఒప్పందంలో ఆంగ్లేయులూ డచ్చివాళ్ళూ తూర్పు దేశాల్లో ఎవరి వాటా వాళ్ళు పంచుకున్నారు. ఇండోనేషియా దీవుల వైపు వాళ్ళు, హిందూదేశం వైపు వీళ్ళు. ఆ పంపకంలో 1825లో భీమిలి ఇంగ్లీషు కంపెనీ చేతికి వచ్చింది. భీమిలి మనుషులను ఎవరూ అడగలేదు, అడిగే అలవాటు రెండు పక్షాలకూ లేదు.

ఇంగ్లీషువాళ్ళు విశాఖలో 1682 ప్రాంతంలో దుకాణం తెరిచారు. ఏడేళ్ళు తిరక్కుండానే, ఔరంగజేబుతో వాళ్ళ కంపెనీ పెట్టుకున్న తగాదా ఫలితంగా 1689లో మొగలు సైనికులు వచ్చి కోఠీని పట్టుకున్నారు, లోపలివాళ్ళను చంపారు. ఔరంగజేబు క్షమించాక మళ్ళీ మొదలు. 1757లో ఫ్రెంచి బుస్సీ వచ్చి పట్టుకున్నాడు. మరుసటి ఏడాది చందుర్తి యుద్ధంలో కర్నల్ ఫోర్డు, విజయనగరం ఆనంద గజపతి కలిసి ఫ్రెంచివాళ్ళను ఓడించడంతో ఆ పట్టు సడలింది. 1780 అక్టోబరులో మరో ఘటన జరిగింది. హైదర్ అలీతో పోరాడటానికి ఓడెక్కి మద్రాసు పొమ్మంటే ఇక్కడి సిపాయిలు ఎదురు తిరిగి తుపాకులు అధికారుల వైపు తిప్పారు. 1857కు ఇది 77 ఏళ్ళ ముందు మాట. పాఠ్యపుస్తకాల్లో దీనికి రెండు వాక్యాలు కూడా దొరకవు. బీచి రోడ్డు మీద ఇన్ని విగ్రహాలున్నాయి, ఆ సిపాయిలకూ ఒకటి ఉంటే బాగుండేది.

ఈ యుద్ధాల నడుమే విశాఖ కంసాలులు దొరల కోసం పెట్టెలూ కుర్చీలూ బీరువాలూ చేసేవారు. ఇంగ్లీషు నమూనా, తెలుగు చెయ్యి. చెక్కకు ఏనుగు దంతపు రేకులు తాపడం చేసి, వాటి మీద సన్నటి తీగలూ పూలూ గీసి, గీతల్లో నల్ల లక్క నింపేవారు. ఆ పనితనానికి పాశ్చాత్య దేశాల్లో ఊరి పేరే పేరైంది. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో విశాఖ వస్తువులు ఇవాళ్టికీ అద్దాల వెనుక ఉన్నాయి. విశాఖలో చూద్దామంటే దొరకడమే కష్టం.

1804 సెప్టెంబరు 15. ఆ రోజు సంగతి కొంచెం తీరిగ్గా చెప్పుకోవాలి. విశాఖ ఎదుట సముద్రంలో కంపెనీ వర్తక నౌకలు రెండు లంగరు వేసి ఉన్నాయి. ఒకటి బార్నబీ, రెండోది ప్రిన్సెస్ షార్లెట్. వాటికి కాపలాగా 50 ఫిరంగుల యుద్ధనౌక సెంచూరియన్. వర్తక నౌకలు సరుకు నింపుకోవాలంటే ఒడ్డు నుంచి పడవలు రావాలి, కెరటాలు కుదరాలి, రోజులు పడుతుంది. సెంచూరియన్ కెప్టెన్ జేమ్స్ లిండ్ ఆ పని త్వరపెట్టడానికి ఒడ్డుకు దిగాడు. సరిగ్గా అప్పుడే నైరుతి దిక్కున మూడు తెరచాపలు కనిపించాయి.

అవి ఫ్రెంచి అడ్మిరల్ లిన్వావి. ఆయన నౌక మరెంగోకు 74 ఫిరంగులు, వెంట అతలాంత్, సెమియాంత్ అనే మరో రెండు. అదే ఏడాది ఫిబ్రవరిలో, చైనా నుంచి వస్తున్న కంపెనీ వర్తక ఓడల గుంపు తామంతా యుద్ధనౌకలమని బుకాయిస్తే నమ్మి వెనుదిరిగిన ఘనుడాయన. ఆ పరువు ఎక్కడో ఒకచోట తిరిగి సంపాదించుకోవాలి.

ఫిరంగులు మొదలయ్యాయి. బార్నబీ భయపడి లంగరు తాడు తెంపుకుంది. ఈ తీరం సంగతి తెలిసినవాళ్ళెవరూ చేయని పని అది. కెరటాలు దాన్ని తెచ్చి ఇసుక మీద కొట్టాయి, ముక్కలైంది. షార్లెట్ లొంగిపోయింది. సెంచూరియన్ ఒక్కటే మిగిలింది, దాని కెప్టెన్ ఒడ్డున ఉన్నాడు. లెఫ్టినెంట్ ఫిలిప్స్ నౌకను ఒడ్డుకు దగ్గరగా, లోతు తక్కువ నీటిలోకి తెచ్చి పోరాడాడు. లిండ్ చిన్న పడవలో గుళ్ళ వాన మధ్య ఎదురెళ్ళి తన నౌక ఎక్కాడు. ఒడ్డు మీది ఫిరంగులూ గొంతు కలిపాయి. మరెంగో పెద్దది, లోతు ఎక్కువ కావాలి. ఇంకా దగ్గరికి పోతే నేల తగులుతుందేమోనని లిన్వాకు భయం. గంటల తరబడి దూరం నుంచే కాల్చి, చివరకు దొరికిన షార్లెట్‌ను తోలుకుని వెళ్ళిపోయాడు. లిండ్‌కు సర్ బిరుదు వచ్చింది. లిన్వాకు నెపోలియన్ చేత చీవాట్లు వచ్చాయి.

చరిత్ర పుస్తకాలు దీన్ని విశాఖపట్నం నౌకాయుద్ధమంటాయి. గెలిచింది మాత్రం ఇసుకే. దొరను కాపాడిన ఇసుకే దొరగారి బార్నబీని పొట్టన పెట్టుకుంది.

19వ శతాబ్దం భీమిలిది. ఒలందావాళ్ళు పోయినా వ్యాపారం పోలేదు, పెరిగింది. విజయనగరం, పార్వతీపురం, జయపురం కొండల నుంచి బళ్ళు కట్టుకుని నువ్వులు, వలిసెలు, కరక్కాయలు, తోళ్ళు, నీలిమందు దిగేవి. అన్నింటికన్నా ముఖ్యం గోగునార. ఉత్తరాంధ్రలో ఇంటింటా గోంగూర పచ్చడి తింటారు గదా, ఆ జాతి మొక్క కాండం నుంచి తీసే నార అది. బెంగాలు జనపనారకు బదులుగా గోనెసంచులకు వాడతారు. ఓడలెక్కి పోయిన ఆ నారకు ప్రపంచ మార్కెట్టులో పడ్డ పేరు 'బిమ్లీ జూట్'. రేవు మూతపడి దశాబ్దాలైనా, భీమిలి ఎక్కడుందో తెలియని దేశాల్లో కూడా నార వ్యాపారులకు ఆ పేరు తెలుసు. పక్కనే చిట్టివలసలో జూట్ మిల్లు లేచింది కూడా అందుకే. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన ఊరు మాదని భీమిలివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒక దశలో జిల్లాలో ప్రధాన రేవు భీమిలే, విశాఖ కాదు.

రేవులో దిగిన సరుకుకన్నా ఎక్కిన మనుషుల కథ బరువైనది. రంగం (రంగూన్) పడవలు ఇక్కడ ఆగేవి. కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడ రేవుల్లో స్టీమర్లు ఎక్కి వేల మంది తెలుగు కూలీలు రంగూన్ చేరారు. అక్కడి ధాన్యం మిల్లుల్లో, రేవులో బరువులు మోసింది ఎక్కువగా వీళ్ళే. ఇల్లు కట్టుకోవడానికి, చెల్లెలి పెళ్ళికి, అప్పు తీర్చడానికి రంగం పోయి వచ్చిన తాతలు ఉత్తరాంధ్రలో ఏ ఊళ్ళో అడిగినా ఉంటారు. స్టీమర్ ఎక్కడానికి వాళ్ళూ ముందు ఆ కెరటాల మీద చిన్న పడవలోనే వెళ్ళాలి.

ఈ కాలంలో విశాఖ నిద్రపోలేదు గాని, దాని ధ్యాస వేరు. కలెక్టరు, కోర్టు, పటాలం, వాల్తేరు గట్టు మీద దొరల బంగళాలు. గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు 1840 ప్రాంతంలో డాబాగార్డెన్స్‌లో సొంత ఖర్చుతో వేధశాల పెట్టుకుని ఆకాశం లెక్కలు వేసుకునేవాడు. డాల్ఫిన్స్ నోస్ మీద ఆయన పెట్టించిన జెండా కొయ్య చూసి ఊరూ ఓడలూ గడియారాలు సరిచేసుకునేవి. అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ పనిని కొనసాగించి, 1874లో సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటడాన్ని పరిశీలించాడు. ఆ కుటుంబం పేరు మీదున్న ఏవీఎన్ కాలేజీలోనే తరవాత సి.వి. రామన్ చదివాడు, రామన్ తండ్రి పాఠాలు చెప్పాడు. వేధశాల ఇప్పుడు లేదు. డాబాగార్డెన్స్ మాత్రం ట్రాఫిక్ జామ్‌గా మిగిలింది.

భీమిలి మీద మొదటి దెబ్బ కొట్టింది రైలు. 1893లో తూర్పు తీరం రైలు వాల్తేరు చేరింది. పట్టాలు విజయనగరం మీదుగా పోయాయి, భీమిలిని తాకలేదు. బండెద్దుల దారిలో వారం పట్టే సరుకు రైల్లో పూటలో పోతుంటే, బళ్ళు ఎవరు కడతారు?

రెండో దెబ్బ మరింత పెద్దది. మధ్యపరగణాల మాంగనీసు ఖనిజం బయటికి పోవడానికి దగ్గరి రేవు కావాలి. రాయపూరు నుంచి విజయనగరానికి కొండలు తొలిచి రైలు వేసే పని సాగుతోంది, అది 1931లో పూర్తయింది. ఇక రేవు ఎక్కడ? ఇంజనీర్ల చూపు డాల్ఫిన్స్ నోస్ వెనుక ఉన్న ఉప్పుటేటి బురద నేల మీద పడింది. దోమలకు తప్ప ఎవరికీ పనికిరాని ఆ చిత్తడిని తవ్వి లోతు చేస్తే, కొండ చాటున ఓడలకు గాలి తగలని గది దొరుకుతుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే కింద పని మొదలైంది. ఇసుక ఊరుకుంటుందా? నైరుతి గాలుల కాలంలో ఇక్కడి కెరటాలు ఒడ్డు వెంట ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి మోసుకుపోతాయి, తవ్విన కాలువను పూడ్చేస్తాయి. దానికి దొరికిన మందు విచిత్రం. రెండు పాత ఓడలను తెచ్చి, కొండ ముక్కు దగ్గర కావాలనే ముంచి, వాటి కడుపుల్లో రాళ్ళు నింపి అడ్డుగోడ చేశారు. ఓడలను ముంచే తీరంలో ఓడలనే ముంచి రేవు కట్టారు.

1933 అక్టోబరు 7న సింధియా కంపెనీవారి ఓడ జలదుర్గ నేరుగా లోపలికి వచ్చి గట్టును ఆనుకుంది. మసూలా పడవ అవసరం లేకుండా సరుకు దిగింది. డిసెంబరులో వైస్రాయి విల్లింగ్డన్ వచ్చి లాంఛనంగా ప్రారంభించాడు. పోటీ ఆ ఏటితో ముగిసింది. భీమిలి గిడ్డంగులు ఒక్కొక్కటే తాళం పడ్డాయి.

రేవు వచ్చిన ఊరికి శత్రువూ వస్తాడు. 1942 ఏప్రిల్ 6న జపాన్ యుద్ధ విమానాలు విశాఖ రేవు మీద, అదే రోజు కాకినాడ మీద బాంబులు వేశాయి. ప్రాణనష్టం కన్నా భయం పెద్దది. ఊరు ఊరంతా బళ్ళెక్కి లోపలి పల్లెలకు పోయింది. పోతుంటే దారిలో, బర్మా నుంచి కాలినడకన తిరిగొస్తున్న రంగం కూలీలు ఎదురయ్యేవారు. ఆ దాడిలో పడిన బాంబు ఒకటి బీచి రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఉంది. ఆ మ్యూజియం ఉన్నది పాత డచ్చి బంగళాలో. ముందు గదిలో కత్తులూ జమీందారుల చిత్రపటాలూ చూసి అలిసిన జనం ఆ బాంబును దాటి పోతుంటారు.

తరవాతి కథ త్వరగానే చెప్పవచ్చు, పాఠకులకు తెలిసిందే. సింధియావారి నౌకానిర్మాణ కేంద్రానికి 1941లో బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశాడు. 1948 మార్చిలో అక్కడ తయారైన జలఉషను నెహ్రూ నీళ్ళలోకి వదిలాడు. నౌకాదళం వచ్చింది. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఈ రేవు ముంగిటే మునిగింది. మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం వచ్చి, విక్రాంత్ లేని చోట ప్రాణం వదిలింది. ఆ యుద్ధం జ్ఞాపకార్థం బీచిలో విజయ స్తూపం ఉంది. దాని దగ్గర్లోనే కురుసుర, 2017 డిసెంబరు నుంచి రోడ్డుకు ఆవల టీయూ 142 యుద్ధ విమానం. నౌకాదళ విన్యాసాలు జరిగే రోజున వాటిని చూడటానికి జనం ఇసుక మీద చోటు కోసం మధ్యాహ్నం నుంచే దుప్పట్లు పరుచుకుంటారు.

ఆ ఇసుక అరువు ఇసుక. రేవు అడ్డుగోడల దగ్గర ఇసుక ఆగిపోతుంది గనుక ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్‌కు అందాల్సింది అందదు, కెరటాలు ఉన్నదాన్ని కోసుకుపోతాయి. అందుకే పోర్టువారు రేవు నోట్లోంచి తోడిన ఇసుకను తిరిగి బీచికి పోస్తూ వచ్చారు. విశాఖను పట్నం చేసిన రేవే విశాఖ బీచిని తింటోంది, తినిపిస్తోంది కూడా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు, బీచి రోడ్డు ముక్కలైనప్పుడు, ఈ లెక్క ఊరందరికీ కనిపించింది.

బీచి రోడ్డు మీద ఉత్తరానికి సాగితే కైలాసగిరి, ఋషికొండ, మంగమారిపేట దగ్గర సముద్రం చెక్కిన రాతి తోరణం వరసగా వస్తాయి. ఋషికొండ తీరానికి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు దక్కింది. ఆ పక్క కొండను తొలిచి కట్టిన భవనాల రగడ ఇంకా చెవుల్లో మోగుతూనే ఉంది, ఇక్కడ మళ్ళీ ఎత్తడం ఎందుకు? భీమిలికి కాస్త ముందు రోడ్డు ఎరుపెక్కుతుంది. ఎర్రమట్టి దిబ్బలు.

'మరోచరిత్ర' కాలం నుంచి సినిమావాళ్ళు ఈ పరిసరాలను వదల్లేదు గనుక దిబ్బల ఎరుపు తెలుగువాళ్ళకు చిరపరిచితం. దిబ్బల వయసు మాత్రం సినిమా చెప్పదు. చివరి మంచుయుగంలో భూమ్మీది నీళ్ళు గడ్డకట్టి సముద్రమట్టం దాదాపు 120 మీటర్లు తగ్గింది. ఇవాళ మనం ఓడలు చూసే చోట అప్పుడు ఆరిన ఇసుక నేల. గాలి ఆ ఇసుకను ఎత్తి తెచ్చి ఇక్కడ పోసింది. ఇనుము తుప్పు పట్టి ఎర్రబారింది, వానలు గాళ్ళు పెట్టి లోయలు చేశాయి. ఇలాంటి ఎర్ర ఇసుక దిబ్బలు తమిళనాడు తేరి నేలల్లోనూ శ్రీలంకలోనూ తప్ప దక్షిణాసియాలో మరెక్కడా చెప్పుకోదగ్గంతగా లేవు. భారత భూగర్భ సర్వే సంస్థ వీటిని జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించింది. 2025 సెప్టెంబరులో ఇవి యునెస్కో తాత్కాలిక జాబితాకూ ఎక్కాయి. అయినా లారీలు, ప్లాట్ల రాళ్ళు, పెళ్ళి ఫొటోల బండ్లు దిబ్బల అంచులు కొరుకుతూనే ఉన్నాయి. గాలి వేల ఏళ్ళు పోసింది, పొక్లెయిన్ పూటలో ఎత్తేస్తుంది. చూడటానికి వెళ్ళేవారు బండి రోడ్డు మీదే ఆపి నడిచి వెళ్ళాలి. దిబ్బల అంచుల మీద ఎక్కి జారకూడదు.

విశాఖ రైల్వే స్టేషను నుంచి 900కె నంబరు బస్సు బీచి రోడ్డు మీదుగా భీమిలి పోతుంది. కుడివైపు కిటికీ సీటు పట్టుకుంటే సముద్రం వదలదు. భీమిలిలో దిగాక చాలామంది నేరుగా ఇసుకలోకి పోతారు. ముందు ఒలందావాళ్ళ సమాధులు చూసి, తరవాత గోస్తని సముద్రంలో కలిసే చోటికి నడవండి. ఏటి నోట్లో ఇసుక తిన్నె అడ్డంగా పడి ఉంటుంది. వేసవిలో కొన్ని చోట్ల మోకాలి లోతు నీళ్ళలో దాటవచ్చు. ఒకప్పుడు రంగూన్ స్టీమరుకు పడవలు బయల్దేరిన రేవు అదే.

(వచ్చే సంచికలో: తుపాన్లు తుడిచేసిన కోరంగి)